హిమము పడిన దినమున మూడు చేతులు

పఠనభాగములు: యోబు 37:5–10, సామెతలు 31:19–21, యెషయా 1:18



మన తెలుగులో మంచు అను మాట ఒక్కటే యైనను దానిలో ఎన్నో సంగతులు ఇమిడియున్నవి. తెల్లవారుజామున గడ్డిమీద నిలుచు నీటిబొట్టును మంచు అందుము. సంక్రాంతి దినములలో ఎదుటి మనిషి కనబడకుండ బాటను కమ్మివేయు పొగవంటి దానిని మంచు అందుము. చింతపల్లి దగ్గర నున్న లంబసింగిలో చలి మిక్కుటమైన రాత్రులయందు ఆకులమీద తెల్లగా పేరుకొను నూగును కూడ మంచే అందుము. అయితే ఆకాశమునుండి దూదిపింజలవలె రాలి, ఇంటికప్పులను పొలములను బాటలను ఒక్క తెల్లని దుప్పటితో కప్పివేయు దానిని మన గ్రామములలో ఎవరును చూచి యెరుగరు. మన బైబిలును తెలుగుచేసిన పెద్దలు అనేక చోట్ల దానికి హిమము అను పేరు పెట్టిరి.

మనము కంటితో చూడని దానిని గూర్చి ప్రసంగమేల అని మీరడుగవచ్చును. వాక్యము వ్రాసిన వారికి కూడ అది అరుదుగా కనబడు వస్తువే. యెరూషలేము సుమారు 2,500 అడుగుల ఎత్తున నున్న పట్టణము గనుక కొన్ని యేండ్లకొకసారి అచ్చట హిమము పడును. 2013 డిసెంబరులో అట్లు పడినప్పుడు పట్టణమునకు పోవు బాటలు మూసివేయబడెను. వేలకొలది ఇండ్లలో దీపములు ఆరిపోయెను. పూర్వదినములలో నైనను అట్టిది జరిగినప్పుడు జనులు దానిని జ్ఞాపకముంచుకొనిరి. దావీదు బలాఢ్యులలో ఒకడగు బెనాయా గుంటలోనికి దిగి సింహమును చంపిన సంగతి 2 సమూయేలు 23:20లో మీరు చదివియున్నారు. అది మంచుకాలమున జరిగెనని గ్రంథకర్త ప్రత్యేకముగా వ్రాసినాడు. హిమము నిజముగా పడిన దినమని బైబిలు చరిత్రలో చెప్పబడినది ఈ యొక్క సంగతిలోనే. అరుదైనది గనుకనే అది మరుగున పడలేదు.

ఇంటిల్లిపాదియు, చిన్న బిడ్డతో కూడ, అట్టి దినమును ఎట్లు గడుపవలెనో వాక్యము మనకు నేర్పుచున్నది. పైన చెప్పిన పఠనభాగములలో నాకు మూడు చేతులు కనబడుచున్నవి. మొదటిది ముద్ర వేయబడిన చేయి. రెండవది నూలు వడికిన చేయి. మూడవది బీదలకు చాపబడిన చేయి. వీటిని ఒక్కొక్కటిగా ధ్యానింతము.

మొదటిది: ముద్ర వేయబడిన చేయి

యోబు 37వ అధ్యాయములో ఎలీహు మాటలాడుచున్నాడు. భూమిమీద పడుమని దేవుడు హిమమునకు ఆజ్ఞ యిచ్చుచున్నాడని 6వ వచనములో చెప్పి, వెంటనే 7వ వచనములో ఒక వింతమాట పలుకుచున్నాడు. దేవుడు ప్రతి మనుష్యుని చేతికి ముద్ర వేయుచున్నాడట! ఎందుకనగా, మనుష్యులందరు ఆయన చేసిన పనిని తెలిసికొనవలెనని. అటుపిమ్మటి వచనములో అడవి మృగములు సహితము తమ గుహలలో చొచ్చి ఊరకుండునని వ్రాయబడియున్నది.

కచ్చేరిలో ఒక గదికి సీలు వేసినయెడల ఏమి జరుగును? గది అక్కడనే యున్నది, తలుపు అక్కడనే యున్నది, అయినను ఎవరును తెరువకూడదు. అట్లే హిమము పడిన దినమున నాగలి ఉన్నది, పొలమున్నది, బలముగల చేతులున్నవి. కాని దున్నుటకు వీలులేదు. దేవుడు సీలు వేసెను. మనుష్యుడు తన పని విడిచి ఆయన పని చూడవలెను.

2025 జనవరి 21వ తేదీన ఇట్టి దినమొకటి అమెరికా దేశపు దక్షిణ తీరమునకు వచ్చెను. అది చలిదేశము కాదు. ఉత్తరమునుండి వచ్చు చలిగాలి తరచుగా పొడిగా నుండును. సముద్రముమీదనుండి వచ్చు తేమగాలి వెచ్చగా నుండును. ఈ రెండును తగినట్లు కలిసికొన్ననే తప్ప అచ్చట హిమము పడదు. ఆ దినమున అవి కలిసికొన్నవి. న్యూ ఆర్లియన్సు పట్టణపు విమానాశ్రయములో 8 అంగుళముల హిమము పడెను. అంతకు ముందు అచ్చట ఒక్క దినములో పడిన దానిలో మిక్కిలి యెక్కువైనది 1963 డిసెంబరు 31న పడిన 2.7 అంగుళములు మాత్రమే. హ్యూస్టన్ ప్రాంతములో అనేక చోట్ల 2 మొదలు 4 అంగుళములవరకు పడెను. విమానములు ఆగిపోయెను, బడులు మూయబడెను, పెద్ద రస్తాలమీద బండ్లు నిలిచిపోయెను. ధనవంతుని చేతికిని ముద్ర పడెను, కూలివాని చేతికిని ముద్ర పడెను.

హ్యూస్టన్‌లో మన తెలుగువారు అనేకులున్నారు. మా సంఘములోని ఒక వితంతువు కుమారుడు అచ్చటనే ఉద్యోగము చేయుచు, భార్యతోను నాలుగేండ్ల కుమార్తెతోను కాపురమున్నాడు. వారికి అప్పుడు ఉదయము; మనకు రాత్రి భోజనవేళ. అతడు ఫోనులో తల్లికి ఆ వింతను చూపించెను. మరునాడు ఆమె ఆ బొమ్మలను నాకును చూపినది. ఇంటిముందటి గడ్డి కనబడుట లేదు; అంతయు తెలుపే. ఆ పసిపిల్ల గుమ్మములో నిలిచి, కాలు క్రింద పెట్టుటకు జంకుచు, తండ్రిని ఇట్లడిగినది: “నాన్నా, ఇదంతా ఎవరు పోశారు?”

ఆ ప్రశ్న విన్నారా? ఎలీహు ఒక అధ్యాయమంతయు చెప్పిన దానిని ఆ బిడ్డ ఒక్క మాటలో అడిగినది. పెద్దలు బాటలెప్పుడు తెరువబడునోయని చింతించుచుండగా, చిన్నది పోసినవాడెవరని అడుగుచున్నది. అందుకొరకే గదా చేతులకు ముద్ర పడినది!

పిమ్మట తండ్రి ఆమెను ఎత్తుకొని దింపెను. ఇద్దరును నేలమీద కూర్చుండి హిమమును ముద్దలుగా చేసి ఒకరిమీద ఒకరు విసరుకొనిరి. తల్లి వంటింటిలోని రొట్టెలు కాల్చు రేకును తెచ్చి, బిడ్డను దానిమీద కూర్చుండబెట్టి త్రాడు కట్టి లాగినది. మూరెడు ఎత్తు బొమ్మను చేసి ముక్కునకు క్యారెట్టు దుంప గ్రుచ్చిరి. ఆ కుమారుడు తల్లితో చెప్పిన మాట యిది: “అమ్మా, ఇది పుట్టి నాలుగేళ్లయింది. దీనితో ఒక పూటంతా ఇట్లా కూర్చోవడం నాకిదే మొదలే.”

అతడు చెడ్డ తండ్రి కాడు. బిడ్డ మేలుకొనకముందే పనికి పోవువాడు, బిడ్డ నిద్రించు వేళకు ఇంటికి చేరువాడు. బిడ్డ కొరకే పాటుపడుచున్నాడు; కాని బిడ్డతో కూర్చుండుటకు ఆకాశమునుండి సెలవు రావలసివచ్చినది.

ప్రియులారా, మన గ్రామములలో ఇట్టి తండ్రులు లేరా? కోడి కూయకముందు పొలమునకు పోయి, దీపము పెట్టిన తరువాత వచ్చి, అలసటచేత కసరుకొనువారు లేరా? పొట్టకూటికై దూరపు పట్టణములలో ఇటుక బట్టీలయొద్దను మేడలు కట్టు చోటులను పని చేయుచు, పండుగకు మాత్రమే ఇంటికి వచ్చువారు లేరా? బిడ్డలను హాస్టలులో చేర్పించి, వారి యెత్తు ఎంత పెరిగినదో సెలవులలో చూచి ఆశ్చర్యపడువారు లేరా? వారిని నిందించుటకు నేనీ మాట వ్రాయుటలేదు. అవసరము అట్టిది. అయినను దేవుడు ఒక దినమున మన చేతికి ముద్ర వేసినప్పుడు, ఆ దినము పాడైపోయినదని గొణుగుకొనక, అది ఎందుకు ఇయ్యబడినదో తెలిసికొనవలెను. చిన్నబిడ్డలను ఆటంకపరచిన శిష్యులమీద మన ప్రభువు కోపపడెను (మార్కు 10:13–16). బోధించుటయు స్వస్థపరచుటయు ఆయన పనియై యుండెను. అంత పనిలోను ఆయన వారిని ఎత్తి కౌగిలించుకొనెను. బిడ్డను ఎత్తుకొనుటకు పని ముగియువరకు ఆయన కాచుకొనలేదు.

ఒక మాట నిజముగా ఒప్పుకొనవలెను. నెల జీతగానికి పనిలేని దినము సెలవు. దినకూలికి పనిలేని దినము పస్తు. మనకు హిమము లేదు గాని వడగండ్లు ఉన్నవి. వేసవిలో వడగండ్ల వాన పడినప్పుడు మన బిడ్డలు కేకలు వేయుచు వాకిటిలోనికి పరుగెత్తి, గిన్నెలతోను గుప్పిళ్లతోను వాటిని ఏరుకొని నోటిలో వేసికొందురు. అదే గడియలో వారి తండ్రి రాలిపోయిన మామిడిపిందెలను, కల్లములో తడిసిపోయిన మిరపకాయలను చూచి తలమీద చేయి పెట్టుకొనును. ఒకే ఆకాశమునుండి ఒకే గడ్డ పడినది; బిడ్డకు సంతోషము, తండ్రికి నష్టము. అట్టి తండ్రితో, నీవును ఆడుకొనుమని చెప్పుట నాకు తగదు. కాని ఒకటి చెప్పగలను. నీ నష్టమునుబట్టి నీ బిడ్డ చేతిలోని వడగల్లును కొట్టి పారవేయవద్దు. నీ దుఃఖమును దేవునియొద్ద పెట్టుము. బిడ్డ సంతోషమును బిడ్డకు విడువుము.

రెండవది: నూలు వడికిన చేయి

ఆ వితంతువు ఫోనులో హిమమును చూచి మొదట ఏమనెనో యెరుగుదురా? ఎంత అందముగా నున్నదని అనలేదు. “ఒరే, పిల్ల కాళ్లకేమన్నా తొడిగావా?” అని అడిగినది. చేతులకు మేజోళ్లు, పాదరక్షలపైన ప్లాస్టిక్ సంచులు తొడిగితిమని అతడు చెప్పెను. వెచ్చని దేశపువారి ఇండ్లలో చేతి తొడుగులు ఎక్కడనుండి వచ్చును? అది విన్న పిమ్మటనే ఆమె నవ్వినది. బిడ్డకు బట్ట ఉన్నదని తెలిసినగాని ఆమెకు హిమము అందముగా కనబడలేదు.

ఇదియే సామెతలు 31:21లోని సంగతి. గుణవతియైన భార్య తన యింటివారికి చలి తగులునని భయపడదు. వారందరు ఎఱ్ఱని బట్టలు ధరించియున్నారు. మన తెలుగులో చలి యని యున్న చోట హెబ్రీ మూలములో ఉన్న మాట షెలెగ్, అనగా హిమమే. యెరూషలేము స్త్రీకి హిమము ఎన్ని యేండ్లకొకసారి వచ్చునో తెలియదు. ఈ యేడు వచ్చునా, రాదా యనియు తెలియదు. అయినను వచ్చు దినమునకు ముందే ఆమె సిద్ధపడియున్నది. ఆమె వ్రేళ్లు కదురు పట్టుకొని వడికెనని 19వ వచనము చెప్పుచున్నది. వేసవిలో వడికిన నూలు హిమము పడిన దినమున బిడ్డ వంటిమీద నున్నది.

బిడ్డ ఆ దినమున నిర్భయముగా ఆడుకొనుచున్నాడు. ఎందుకు భయము లేదు? వానికి చలి సంగతి తెలిసినందున కాదు. తల్లి ముందుగనే తెలిసికొని పాటుపడినందున. బిడ్డ సంతోషము క్రింద ఎవరిదో ఒకరి ప్రయాస ఎల్లప్పుడు దాగియుండును. వాడు దానిని ఎరుగడు, ఎరుగనక్కరయు లేదు.

హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. తన చిన్న సమూయేలును దేవుని మందిరములో విడిచి వచ్చిన తరువాత ఆమె ఏటేట వానికి ఒక చిన్న అంగీని కుట్టి తీసికొని పోవుచుండెను (1 సమూయేలు 2:19). బిడ్డ కంటియెదుట లేడు. ఈ యేడు ఎంత పెరిగియుండునోయని మనస్సులోనే కొలిచి కుట్టవలెను. దూరమున నున్న బిడ్డలుగల తల్లులారా, మీ ప్రార్థన అట్టి అంగీయే. కొలత తెలియకయే కుట్టుచున్నారు. దేవుడు దానిని సరిగా అమర్చును.

ఇచ్చట మన పరలోకపు తండ్రి సంగతి కూడ ఆలోచింపుడి. హిమమును పంపువాడు ఆయనయే. గొఱ్ఱెకు ఉన్నిని ఇచ్చినవాడును ఆయనయే. 147వ కీర్తన 16వ వచనములో కీర్తనకారుడు హిమమును గొఱ్ఱెబొచ్చుతో పోల్చినాడు. రంగు ఒకటే యని మాత్రమే మనము అనుకొందుము. అయితే అంతకంటె ఎక్కువ పోలిక ఉన్నది. ఉన్నిలో గాలి చిక్కుకొని యుండుటవలన అది వెచ్చదనము నిలుపును; క్రొత్తగా పడిన హిమములోను గాలి అట్లే చిక్కుకొని యుండును. అందుచేత చలిదేశములలో గోధుమ విత్తిన రైతు, పొలముమీద హిమము దట్టముగా కప్పుకొన్నయెడల సంతోషించును. పైన ఎంత చలిగాలి వీచినను క్రింద మొలక చావదు. మనకు చలిగా కనబడునది మొలకకు దుప్పటియై యున్నది. మనకు కఠినముగా తోచిన దేవుని కార్యములు కొన్ని ఇట్టివే గదా!

మూడవది: చాపబడిన చేయి

సామెతలు 31లో వడికిన చేతికిని, భయములేని ఇంటికిని మధ్యనున్న వచనమును దాటిపోకుడి. 19వ వచనములో కదురు, 21వ వచనములో హిమము. నడుమ 20వ వచనములో ఆమె బీదలకు తన చేయి చాపుచున్నది. ఆ వరుస ఊరక వచ్చినది కాదని నేను తలంచుచున్నాను. వడికిన దానిలో కొంత పొరుగింటికి పోయిన తరువాతనే తన యింటివారి నిర్భయము చెప్పబడినది.

ఒకే హిమము అందరికిని ఒకే రీతిగా పడదు. కీర్తనకారుడు హిమమును ఉన్నితో పోల్చిన వెంటనే, ఆయన చలికి ఎవరు నిలువగలరని అడుగుచున్నాడు (147:17). హ్యూస్టన్ పట్టణమున్న టెక్సాసు రాష్ట్రములోనే 2021 ఫిబ్రవరిలో గొప్ప చలి తుపాను వచ్చెను. ఆ మొదటి ఉదయమున కూడ బిడ్డలు హిమములో ఆడుకొనిరి. అటుతరువాత సుమారు 45 లక్షల ఇండ్లకును దుకాణములకును విద్యుత్తు ఆగిపోయెను. గోడలలోని నీళ్ల గొట్టములు పగిలెను. ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారి లెక్క ప్రకారము 246 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో అనేకులు చలిచేత చనిపోయిరి. కొందరు వెచ్చదనము కొరకు మూసిన ఇంటిలో బొగ్గులు కాల్చుకొని, లేక కారు ఇంజనును నడిపించి, ఆ విషపు గాలిచేత చనిపోయిరి. ధనముగల దేశములో ఇది జరిగినది.

ఈ సంగతిని మన మన్యపు గ్రామములవారును, ఆదిలాబాదు వైపువారును జాగ్రత్తగా వినవలెను. చలికాలపు రాత్రులలో తలుపులు కిటికీలు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవుట మహా అపాయము. ఆ గాలికి వాసన లేదు, రంగు లేదు. నిద్రించువాడు మరల లేవడు. కుంపటిని ఆరుబయట పెట్టి కాచుకొనుడి. లోపలికి దుప్పటి తెచ్చుకొనుడి.

దుప్పటి లేనివాడు ఏమి చేయును? ఇదియే ప్రశ్న. కప్పుకొనుటకు ఏమియు లేక చలిలో రాత్రి గడుపు బీదలను గూర్చి యోబు 24:7 చెప్పుచున్నది. పొరుగువాని పైబట్టను తాకట్టు తీసికొన్నయెడల ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (నిర్గమ 22:26, 27). వాడు మరి దేనిలో పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు! అప్పు సంగతి తరువాత. రాత్రికి బట్ట ముందు. అన్నవస్త్రములు లేని సహోదరునితో, వెళ్లి చలి కాచుకొనుమని నోటిమాట మాత్రమే చెప్పి పంపువాని విశ్వాసము వలన ప్రయోజనమేమని యాకోబు అడుగుచున్నాడు (2:15, 16). యొప్పేలోని దోర్కా ఏ ప్రసంగము చేసినట్లును వ్రాయబడలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు తమకు ఆమె కుట్టి యిచ్చిన అంగీలను పేతురునకు చూపిరి (అపొ. కార్యములు 9:39). ఆ అంగీలే ఆమెకు సాక్ష్యము.

మన సంఘములలో క్రిస్మసుకు క్రొత్తబట్టలు కొనుకొందుము. మంచిదే. అయితే మన పేటచివర గుడిసెలో ముసలివాడు ఒకడు గోనెపట్టా కప్పుకొని ముడుచుకొని యుండగా, మన బిడ్డ క్రొత్తచొక్కా తొడుగుకొని గుడికి వచ్చినయెడల ఆ చొక్కాలో ఏమి వెచ్చదనమున్నది? ఒక దుప్పటి కొనుటకు ఒక్కని చేత కాకపోవచ్చును. నాలుగిండ్లవారు కలిసినయెడల తప్పక చేతనగును. ఆ దుప్పటిని మీ బిడ్డచేతనే ఇప్పించుడి. సంతోషించుట ఎట్లో వాడు ఎవరును నేర్పకయే ఎరుగును. పంచుకొనుట మాత్రము ఇంటిలోనే నేర్చుకొనవలెను.

హిమము కరగిపోవును

హిమము ఎక్కువసేపు నిలువదు. అరుదుగా పడు దేశములలో ఒకటి రెండు దినములలోనే అది నీరైపోవును. బిడ్డ చేసిన బొమ్మ మెడ వంచుకొని, ముక్కు జారిపడి, మట్టిలో కలిసిపోవును. బిడ్డ ఏడ్చును. ఆ బిడ్డకు ఏమని చెప్పుదుము?

యెషయా 55:10, 11 వచనములు చదివి చెప్పుడి. హిమము ఆకాశమునుండి దిగి ఊరక తిరిగిపోదు. నేలను తడిపి, మొలకను లేపి, విత్తువానికి విత్తనమును తినువానికి ఆహారమును ఇచ్చును. దేవుని మాటయు అట్టిదే. కంటికి కనబడకపోయిన దంతయు నష్టమైనదని అనుకొనవద్దు. తండ్రి బిడ్డతో నేలమీద కూర్చుండిన ఒక పూట కూడ అట్లే లోపలికి దిగిపోవును. ఆ బిడ్డ పెరిగి పెద్దదై, ఏదో కష్టకాలమున, నన్ను ప్రేమించినవారు ఉన్నారని ధైర్యము తెచ్చుకొనునప్పుడు, ఆ ధైర్యమునకు నీరు ఎక్కడనుండి వచ్చినదో ఆమెకే తెలియకపోవచ్చును.

చివరకు ఒక మాట. సామెతలు 31:21లో హెబ్రీ మూలములో రెండు మాటలున్నవని గమనింపుడి: షెలెగ్, అనగా హిమము, షానీమ్, అనగా ఎఱ్ఱని బట్ట లేక ఎఱ్ఱని రంగు. చెట్లనంటుకొను చిన్న పురుగులనుండి ఆ రంగును తీయుదురు; అది బట్టకు పట్టిన తరువాత ఉతికినను పోదు. ఇవే రెండు మాటలు యెషయా 1:18లోను కలిసి వచ్చుచున్నవి. అచ్చట దేవుడు తన ప్రజలను వాదమునకు పిలిచి, మీ పాపముల యెఱ్ఱదనము హిమపు తెలుపుగా మారునని వాగ్దానము చేయుచున్నాడు. ఒకచోట ఎఱ్ఱని వస్త్రము బిడ్డను హిమమునుండి కాపాడుచున్నది. మరియొకచోట ఎవడును ఉతకలేని ఎఱ్ఱని మరకను దేవుడు హిమమువలె తెల్లగా చేయుచున్నాడు. తల్లి తన చేతులతో బిడ్డ వంటికి బట్ట తొడుగగలదు గాని బిడ్డ మనస్సులోని మరకను తీయలేదు. అందుకు మేకులు దిగిన మరియొక చేయి కావలెను. మన మూడు చేతుల పనియు ఆ చేతిమీదనే ఆధారపడియున్నది.

కాబట్టి ప్రియులారా, హిమము మన యూరికి రాకపోయినను ముద్రపడిన దినములు మనకును వచ్చును. ముసురు పట్టి పొలమునకు పోలేని దినము, బస్సు రాక నిలిచిపోయిన దినము, కాలు బెణికి మంచము పట్టిన దినము — అవి వచ్చినప్పుడు బిడ్డను దగ్గరకు పిలువుడి. వాని ప్రశ్నలను వినుడి. వాని కొరకు ముందుగా వడికి పెట్టుడి. వడికిన దానిలో పొరుగువాని పాలు తీసి ఇయ్యుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. ఈ నెలలో మన యింటిలో చేతికి ముద్రపడిన దినము ఏది? ఆ దినమును ఎట్లు గడిపితిమి?

2. మన బిడ్డ సంతోషము క్రింద ఎవరెవరి ప్రయాస దాగియున్నది? వారికి కృతజ్ఞత చెప్పితిమా?

3. ఈ చలికాలములో కప్పుకొనుటకు లేనివారు మన పేటలో ఎవరు?

ప్రార్థన

హిమమును పంపి ఉన్నిని ఇచ్చు తండ్రీ, నీవు మా చేతులకు ముద్ర వేసిన దినమున గొణుగుకొనక నీ పనిని చూచు కన్నులను మాకు దయచేయుము. మా బిడ్డలు నవ్వునప్పుడు ఆ నవ్వును తొందరపెట్టి ఆపకుండ మమ్మును ఓర్పుగలవారినిగా చేయుము. పనిలేని దినమున పస్తుండు ఇండ్లను, దూరమున పాటుపడు తండ్రులను, కప్పుకొనుటకు లేని ముసలివారిని జ్ఞాపకము చేసికొనుము. వారికి నీవు చాపు చేయి మా చేయియై యుండనిమ్ము. మా మరకలను హిమమువలె తెల్లగా చేయుమని నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.